తువ్వాలు కింద నాలుగు వేళ్ళ తెర

మేస్త్రీకి ముక్కు మీదే కోపం అని అందరూ అంటారు గానీ, అది అబద్ధం. ముక్కు మీద ఆయనకి కళ్ళజోడు ఉంటుంది, దానికి తగిలించిన భూతద్దం ఉంటుంది, కోపానికి అక్కడ చోటెక్కడిది? ఆయన కోపమంతా నోట్లో ఉంటుంది. పొద్దున్నే షట్టరు సగంలో ఆగిపోతుంది గనక షట్టరుని తిడతాడు. టేబుల్ ఫ్యాను గాలికి చిన్న స్క్రూలు దొర్లిపోతాయని ఫ్యానుని తిడతాడు, అది ఆపితే చెమట పడుతోందని వాతావరణాన్ని తిడతాడు. వీధిలో అందరూ ఆయన్ని చిటపటల మేస్త్రీ అంటారు. ఎదురుగా మాత్రం ఎవరూ అనరు.

ఆయన పని పాత టేపులనీ, వాటిని ఆడించే యంత్రాలనీ బాగుచేయడం. మొదట్లో రేడియోలు చేశాడు, తర్వాత టేపురికార్డర్లు, ఆ తర్వాత వీసీఆర్లు. ఒక్కొక్కటీ జనం ఇళ్ళలోంచి పోతూ వచ్చింది, ఈయన కొట్లోకి చేరుతూ వచ్చింది. ఇప్పుడు కొట్టు ముందు భాగంలో ఆయన భార్య జిరాక్సు మిషను నడుపుతుంది. లోపలికొచ్చే పదిమందిలో తొమ్మిదిమంది ఆవిడ కోసమే వస్తారు. ఆ పదోవాడి కోసం మేస్త్రీ వెనక గదిలో, గోడ నిండా పేర్చిన డొక్కు మిషన్ల మధ్య కూర్చుని ఉంటాడు.

ఆ పనిలో ఆయనకి ఒక పద్ధతుంది. ఎవరి టేపు బాగుచేసినా బొమ్మ సరిగ్గా వస్తోందో లేదో చూడాలి కదా. అప్పుడు టీవీ మీద ఒక పాత తువ్వాలు కప్పి, అడుగున నాలుగు వేళ్ళ మేర మాత్రమే తెర కనపడేలా వదులుతాడు. గీతలు పడితే ముందు అడుగునే పడతాయి. శబ్దం సున్నాకి తిప్పేస్తాడు. ఒకరి పెళ్ళాం పిల్లల్ని, ఒకరి ఏడుపుల్నీ నవ్వుల్నీ మనం చూడ్డమేమిటి, మనం డాక్టర్లమా చుట్టాలమా అంటాడు. ముప్పై ఏళ్ళలో ఎన్ని వందల కుటుంబాలు ఆ తువ్వాలు వెనక నడిచి వెళ్ళాయో, వాళ్ళ కాళ్ళు తప్ప మొహాలు ఆయనకి తెలియవు.

అలాంటి మనిషి దగ్గరికి ఒక మంగళవారం పొద్దున్న ఆయన సొంత అక్క, బావ వచ్చారు. బావ చేతిలో గుడ్డలో చుట్టిన మూట ఉంది. అది విప్పకముందే, లోపలున్నది వీడియో కెమెరా అని మేస్త్రీ పోల్చుకున్నాడు. ఆ కెమెరా ఆయనకి తెలుసు. ఇరవై నాలుగేళ్ళుగా అక్కావాళ్ళ అటక మీద ఉంది. లోపల క్యాసెట్టు ఇరుక్కుని ఉంది. ఏ రోజు ఇరుక్కుందో కూడా ఆయనకి తెలుసు.

ఆ రోజు సంగతి ముందే చెప్పేయాలి. అప్పట్లో అక్కావాళ్ళు ఇల్లు కట్టిస్తున్నారు. మెట్లు పడ్డాయిగానీ రెయిలింగు ఇంకా పెట్టలేదు. బావ కొత్తగా వీడియో కెమెరా కొన్నాడు, ఇంటిని తీస్తానన్నాడు. అందరూ వెళ్ళారు. అక్క కూతురికి నాలుగేళ్ళు. మేస్త్రీ ఆ పిల్ల చెయ్యి పట్టుకుని ఆరో మెట్టు మీద నిల్చున్నాడు. కింద నుంచి అక్క కుర్చీ తెమ్మని పిలిచింది. ఆయన వెళ్ళాడు. పిల్ల పక్క నుంచి ఇటుకల మీద పడింది. మోచెయ్యి విరిగింది, అతుక్కోవడం వంకరగా అతుక్కుంది. ఇప్పటికీ ఆ చెయ్యి పూర్తిగా చాపలేదు.

పిల్లని బావ చేతికి అప్పగించి దిగాననే మేస్త్రీ ఆ రోజు అన్నాడు. "నాకెక్కడ అప్పగించావోయ్? నేను కింద నిల్చుని వీడియో తీస్తున్నాను కదా, చేతిలో కెమెరా ఉంది కదా" అన్నాడు బావ. ఆయన అబద్ధాలాడే మనిషి కాదు. మేస్త్రీ రెండోసారి అన్నాడు, మూడోసారి అనబోయి ఆగిపోయాడు. అప్పగించానా, అప్పగించాననుకున్నానా? ఆ అనుమానం ఒకసారి దూరాక ఇక పోలేదు. అక్క ఏనాడూ పోట్లాడలేదు. పిల్ల జడ వేసుకోలేక అవస్థ పడ్డప్పుడల్లా, "ఆ రోజు వీడు చెయ్యి వదలకుండా ఉంటే" అని ఒక నిట్టూర్పు విడిచేది, అంతే. దానికన్నా నాలుగు తిట్టి ఉంటే నయంగా ఉండేది. అప్పటినుంచీ మేస్త్రీ ఏ పసిపిల్లనీ ఎత్తుకోలేదు. సొంత కొడుకు అప్పటికే పదేళ్ళవాడు, బతికిపోయాడు. ఎవరు పిల్లని అందించినా "నూనె చేతులమ్మా" అని చేతులు వెనక్కి పెట్టుకుంటాడు.

"ఇదేంటక్కా ఇప్పుడు?" అన్నాడు మేస్త్రీ, మూట వైపు చూడకుండా.

"నా కూతురు అడిగిందిరా. చిన్నప్పుడు తన చెయ్యి తిన్నగా ఉన్నప్పుడు ఎలా ఉండేదో చూడాలట."

"ఫోటోలున్నాయి కదా?"

"నేనూ అదే అన్నాను. ఫోటోల్లో చెయ్యి తిన్నగానే ఉందమ్మా, కానీ కదలదు కదా అంది."

మేస్త్రీ గుడ్డ విప్పాడు. విప్పగానే తిట్టడానికి ఒకటి దొరికింది. కెమెరా తలుపు ఒక పక్కకి వంగిపోయి ఉంది. దాని అంచున స్పూను గుర్తు స్పష్టంగా ఉంది.

"ఎవరు చేశారిది?"

"కొంచెం కదిలిద్దామని చూశానోయ్ బావమరిదీ" అన్నాడు బావ. "రాలేదు. తర్వాత కుట్టుమిషను నూనె వేశాను."

"ఎక్కడ వేశారు?"

"లోపల."

"లోపల ఎక్కడ?"

"ఎక్కడ పడితే అక్కడ వేయలేదు, చూసే వేశాను. ఒక అర సీసా."

మేస్త్రీ కళ్ళజోడు తీశాడు, తుడిచాడు, మళ్ళీ పెట్టుకున్నాడు. "బావా, మీకు దండం పెడతాను. పంటినొప్పి వస్తే కూడా నోట్లో కుట్టుమిషను నూనె పోసుకుంటారా? అర సీసా! టేపు మీద! ఇరవై నాలుగేళ్ళు దుమ్ములో పడి ఉన్నా దానికి ఏమీ కాలేదు. మీరు పది నిమిషాల్లో కొంప ముంచారు."

"బాగవుతుందా అవదా అది చెప్పరా" అంది అక్క.

"శనివారం రండి. ఆయన్ని మాత్రం ఈలోగా ఇంకేమీ బాగుచేయనివ్వకు."

వాళ్ళు వెళ్ళాక మేస్త్రీ కెమెరా పై డొప్ప ఊడదీశాడు. ఈ జాతి కెమెరాలు క్యాసెట్టు పెట్టగానే అందులోంచి టేపుని బయటికి లాగి, గుండ్రటి డ్రమ్ము చుట్టూ చుట్టుకుంటాయి. మళ్ళీ టేపు లోపలికి వెళ్తే గానీ తలుపు తెరుచుకోదు. దెబ్బ తగిలి ఇది మధ్యలో ఆగిపోయింది. లోపల రబ్బరు బెల్టు కరిగి నల్లటి జిగురై పళ్ళచక్రాలకి పట్టేసింది. దాని మీద బావగారి నూనె. స్క్రూడ్రైవరు మొనతో పళ్ళచక్రాన్ని ఒక్కొక్క పన్నే తిప్పుకుంటూ పోవాలి. ఒక పన్ను ఎక్కువ తిప్పితే టేపు తెగుతుంది. తక్కువ తిప్పితే చక్రం జారి మళ్ళీ మొదటికొస్తుంది. మధ్యాహ్నం దాకా అది జారుతూనే ఉంది.

"ఏమండీ, ఒంట్లో బాగాలేదా?" అంది భార్య, జిరాక్సు కాగితాలు సర్దుతూ లోపలికి తొంగి చూసి.

"ఎందుకు?"

"గంట నుంచీ మీరు ఎవర్నీ తిట్టలేదు."

ఆయన తల ఎత్తకుండా చక్రాన్ని ఇంకో పన్ను తిప్పాడు. ఆవిడ కాసేపు నిలబడి చూసింది. కెమెరాని గుర్తుపట్టింది. వెళ్ళి టీ కలిపి తెచ్చి పెట్టింది. టీ చల్లారిపోయింది.

క్యాసెట్టు బుధవారం మధ్యాహ్నం బయటపడింది. దాని డొప్పకున్న అయిదు స్క్రూలూ విప్పి, టేపుని ఇంకో మంచి డొప్పలోకి మార్చాడు. ఆ తర్వాత అసలు నరకం మొదలైంది. నూనె లోపల దాకా పాకింది. టేపుని జానెడు బయటికి లాగి, మెత్తటి గుడ్డకి స్పిరిట్ తడిపి అటూ ఇటూ అద్ది, ఆరనిచ్చి, చుట్టి, మళ్ళీ ఇంకో జానెడు. గురువారమంతా అదే, శుక్రవారమంతా అదే. తల ప్రాణం తోకకొచ్చింది. ఒకచోట జానెడు మేర టేపు నలిగి ముడతలు పడింది. కత్తిరించి పారేస్తే పని సులువు. కానీ ఆ జానెడులో ఏముందో ఎవరికి తెలుసు? వేలిగోరుతో ముడత ముడతా సాపు చేస్తూ కూర్చున్నాడు.

అలా కూర్చున్నప్పుడే ఆయనకి ఒక ఆలోచన వచ్చింది, వచ్చినందుకు సిగ్గూ వేసింది. "పోయిందక్కా, ఇక రాదు" అంటే సరి. ఎవరూ అనుమానించరు. నూనె పోసిన బావే తలవంచుకుంటాడు. తన చెయ్యి పిల్ల చేతిని వదిలేయడం తన కళ్ళతో చూడాల్సిన ఖర్మ తప్పుతుంది. ఒకటి రెండుసార్లు నోట్లోనే అని చూసుకున్నాడు కూడా. కానీ బాగున్న వస్తువుని పాడైందని ఆయన జన్మలో ఎప్పుడూ అనలేదు. నాలుక తిరగలేదు. ఛీ, వెధవ బతుకు అనుకుని గుడ్డ మళ్ళీ స్పిరిట్లో ముంచాడు.

శుక్రవారం సాయంత్రం టీవీ మీద తువ్వాలు కప్పి, శబ్దం సున్నాకి పెట్టి, రెండు నిమిషాలు ఆడించి చూశాడు. గీతల్లేవు. నాలుగు వేళ్ళ తెరలో ఎవరివో బూట్లు నడుస్తున్నాయి. ఆపేశాడు. అంత నలిగిన టేపు ఎన్నిసార్లు ఆడుతుందో నమ్మకం లేదు. రేపు వాళ్ళ ముందే ఒక్కసారి ఆడించి, ఆడుతుండగానే కంప్యూటర్లోకి కాపీ చేసుకోవాలనుకున్నాడు. ఇంకాసేపు చూసే ధైర్యం లేదన్నది కూడా నిజమే.

శనివారం పదింటికి ముగ్గురూ వచ్చారు. మేనకోడలి చంకలో ఎనిమిది నెలల పాప ఉంది. పాపని కుడిచేత్తోనే ఎత్తుకుంటుంది, ఎడమ మోచెయ్యి ఒంటికి ఆన్చి ఉంచుకుంటుంది.

"మావయ్యా, ఒక్క నిమిషం పట్టుకో, సంచీ దించుతాను."

"నూనె చేతులమ్మా."

"నీ చేతులకి ఎప్పుడూ నూనేనా?" అని నవ్వి మేనకోడలు పాపని మేస్త్రీ భార్యకి అందించింది.

మేస్త్రీ తువ్వాలు తీసేశాడు, శబ్దం పెంచాడు, బటన్ నొక్కాడు. తెర మీద రెండు నల్లబూట్లు వచ్చాయి. ఇసుక మీద నడిచాయి. ఆగాయి. తెర ఒక్కసారి ఎగిరింది, మళ్ళీ అవే బూట్లు. పక్కన ఒక పారకర్ర. తర్వాత ఎవరిదో బొజ్జ, చొక్కా గుండీ, మళ్ళీ ఇసుక.

"నీ టీవీలో ఏదో లోపం ఉందోయ్. అడుగు భాగమే చూపిస్తోంది" అన్నాడు బావ.

"టీవీలో ఏ లోపమూ లేదు. ఆ బొజ్జ మీదే కదా?"

"అది… నాదే. కానీ నేను ఇల్లంతా తీశాను కదా. ముందు గది, వంటగది, కిటికీలు…"

ఇంకో అయిదు నిమిషాలు నేల, బూట్లు, నేల, బూట్లు చూశాక మేస్త్రీకి విషయం అర్థమైంది. ఒళ్ళు మండిపోయింది. "బావా! మీరు మొదట్లో బటన్ రెండుసార్లు నొక్కి ఉంటారు. అక్కణ్ణించి మీ లెక్క తిరగబడింది. మీరు ఆన్ చేశాననుకున్నప్పుడల్లా ఆఫ్ అయింది. ఆఫ్ చేసి మెడకి తగిలించుకున్నప్పుడల్లా అది తీస్తూ కూర్చుంది. తీస్తున్నప్పుడు కన్ను ఆనించే చోట ఎర్రదీపం వెలుగుతుంది కదా, చూసుకోలేదా?"

"కళ్ళజోడు కెమెరాకి తగులుతోందని తీసి జేబులో పెట్టుకున్నాను."

"అద్భుతం. కళ్ళు జేబులో, కెమెరా బొజ్జ మీద! మూడు రోజులు జానెడు జానెడు తుడిచాను బావా, మీ బూట్ల కోసం!"

"ఉండరా, అది నా గొంతే" అంది అక్క.

తెరలో ఇప్పుడు సిమెంటు మెట్లు కనిపిస్తున్నాయి. నల్లబూట్లు పైకెక్కుతున్నాయి. అయిదో మెట్టు దగ్గర ఆగాయి. పై మెట్టు మీద ఒక జత చిన్న ఎర్రబూట్లు, పక్కన ఒక జత చెప్పులు. ఎడమ చెప్పు పట్టీ తెగితే రాగితీగ చుట్టి ఉంది. అలా చెప్పుకి రాగితీగ చుట్టుకునే మనిషి ఆ ఇంట్లో ఒక్కడే. ఎర్రబూట్ల పిల్ల ఒక చెయ్యి ఆ చెప్పుల మనిషి చేతిలో ఉంది. రెండో చెయ్యి, ఎడమచెయ్యి, భుజం నుంచి వేళ్ళదాకా తిన్నగా, గడియారం లోలకంలా ముందుకీ వెనక్కీ ఊగుతోంది. మేనకోడలు కుర్చీలోంచి ముందుకి వంగింది.

"ఒరేయ్, ఒకసారి వచ్చి ఆ కుర్చీ తేరా" అని అక్క గొంతు, కింద నుంచి.

"బావా, పిల్లని పట్టుకోండి. అక్క పిలుస్తోంది" అని మేస్త్రీ గొంతు.

"ఆఁ ఆఁ, పట్టుకున్నా. నువ్వెళ్ళు."

తెర పై అంచు నుంచి ఇంకో చెయ్యి దిగి పిల్ల చెయ్యి పట్టుకుంది. దానికి బావగారి రాయి ఉంగరం ఉంది. రాగితీగ చెప్పులు ఒక్కో మెట్టే దిగి వెళ్ళిపోయాయి.

"కదలకు బంగారం, ఇక్కడే నిల్చో. నాన్న కిందికెళ్ళి నిన్ను వీడియో తీస్తాడు" అంది బావ గొంతు. ఉంగరం చెయ్యి పిల్ల చెయ్యి వదిలింది. నల్లబూట్లు మెట్లు దిగాయి, ఇసుకలో నాలుగడుగులు వెనక్కి వేశాయి. బటన్ టిక్కుమంది. తెర ఎగిరింది.

వెంటనే ఏడుపు. ఇటుకలు, ఇసుక, పరుగెత్తే కాళ్ళు. "ఒరేయ్, నువ్వే కదరా దాని చెయ్యి పట్టుకున్నది!" అని అక్క అరుపు. తెరలో ఒక మూల రాగితీగ చెప్పులు, వాటి పక్కన కింద పడిన కుర్చీ. "బావకి… బావా, మీకే కదా ఇచ్చాను…" "నాకెక్కడిచ్చావ్? నేను వీడియో తీస్తున్నాను కదా!" తర్వాత దేనికో కొట్టుకున్న పెద్ద చప్పుడు, నలుపు.

మేస్త్రీ టేపు ఆపాడు. జిరాక్సు మిషను దగ్గర ఎవరో వచ్చి పిలుస్తున్నారు. భార్య వెళ్ళలేదు.

"పిల్ల పడితే, ముందు కెమెరా ఆపడానికి బటన్ నొక్కారా?" అంది అక్క, మొగుడి వైపు తిరిగి. చాలా నెమ్మదిగా అంది.

"బ్యాటరీ అయిపోతుందని…" బావ కళ్ళజోడు తీశాడు. "నేను తీస్తున్నాననే అనుకున్నానే. ఒట్టు. నా చేతిలో కెమెరా ఉందన్నదే గుర్తుంది. చెయ్యి… చెయ్యి అసలు గుర్తులేదు."

ఆయన నిజమే చెబుతున్నాడని అందరికీ తెలుసు. మేస్త్రీ తన కోపం కోసం వెతుక్కున్నాడు. పొద్దున షట్టరు మీద వచ్చినంత కూడా రాలేదు. ఇచ్చాను, ఇచ్చాను, నేను ఇచ్చాను అని మాత్రం లోపల ఎవరో అంటూనే ఉన్నారు. స్టూలు లాక్కుని కూర్చున్నాడు.

అక్క లేచి వచ్చి ఆయన భుజం మీద చరిచింది. ఊరికే కాదు, గట్టిగానే చరిచింది. "ఎందుకు చెప్పలేదురా?"

"చెప్పానక్కా. విన్నావు కదా ఇప్పుడు."

"గట్టిగా చెప్పాల్సింది! షట్టరు మీద అరుస్తావు, ఫ్యాను మీద అరుస్తావు, రోడ్డు మీద పోయే ప్రతివాడి మీదా అరుస్తావు. ఇరవై నాలుగేళ్ళు! నా మీద ఒక్కసారి అరవలేకపోయావా?"

"నాకే నమ్మకం పోయిందక్కా" అన్నాడు మేస్త్రీ.

అక్క ఇంకోసారి చరవబోయి, ఆ చెయ్యి అక్కడే ఆయన భుజం మీద ఉంచేసి ఏడ్చింది.

"మావయ్యా, కొంచెం వెనక్కి తిప్పు" అంది మేనకోడలు. మేస్త్రీ కాపీలోంచి ఆ ముక్క మళ్ళీ పెట్టాడు. ఎర్రబూట్లు, ఊగే ఎడమచెయ్యి, పక్కన రాగితీగ చెప్పులు. ఆ పిల్ల మూడుసార్లు చూసింది. "బాగా ఊపేదాన్ని" అంది. తర్వాత తండ్రి పక్కకెళ్ళి కూర్చుని, ఆయన జేబులోంచి రుమాలు తీసి ఆయన చేతిలో పెట్టింది.

మేస్త్రీ లేచి పెరట్లో కుళాయి దగ్గరికి వెళ్ళాడు. సబ్బుతో చేతులు కడిగాడు. గోళ్ళ సందుల్లో బ్రష్షు పెట్టి రుద్దాడు, మళ్ళీ కడిగాడు. టీవీ మీంచి తీసిన ఆ తువ్వాలుతోనే తుడుచుకుంటూ వచ్చి భార్య ఎదుట నిల్చున్నాడు.

"ఏదీ, పాపని ఇటివ్వు."

ఆవిడ ఇచ్చింది. ఆయన కొయ్యబొమ్మలా బిగుసుకుపోయి ఎత్తుకున్నాడు. పాప ఒక క్షణం ఆయన్ని పరీక్షగా చూసి, రెండు చేతులతో భూతద్దం పట్టుకుని లాగింది. కళ్ళజోడు ఊడి ఒక చెవికి వేలాడింది.

"అయ్యో అయ్యో, ఉండు, నేను పట్టుకుంటాను" అని బావ తడుముకుంటూ లేచాడు.

"మీరు పట్టుకోకండి బావా, మీకు పుణ్యం ఉంటుంది!" అని అరిచాడు మేస్త్రీ. ఆ అరుపుకి పాప కిలకిలా నవ్వింది. "మీ చేతిలో ఫోనుంది కదా, వీడియో తీయండి. ముందు కళ్ళజోడు పెట్టుకోండి. పెట్టుకున్నారా? ఆఁ, ఇప్పుడు నొక్కండి. ఒక్కసారే నొక్కాలి, అర్థమైందా? ఒక్కసారే!"

బావ కళ్ళు తుడుచుకుని, కళ్ళజోడు పెట్టుకుని, ఒక్కసారే నొక్కాడు.